చూడలేదా, కనబడలేదా?

మా ఊరి మస్జిదుకు ఒక పెద్దాయన వచ్చేవారు. వయసు అరవై దాటింది. చిన్నప్పటి నుంచీ మేమంతా ఆయన్ని చాచా అనే పిలిచేవాళ్ళం. ఒక జుమా నాడు నమాజు ముగిసిన తర్వాత నేను ఆయన పక్కకు వెళ్ళి ముసాఫహా కోసం చేయి చాచాను. ఆయన నా చేతిని పట్టించుకోకుండా ఎదుట ఉన్న మరొకరితో మాట్లాడుతూ ముందుకు వెళ్ళిపోయారు. మరోసారి బజారులో రోడ్డు అవతలి నుంచి చెయ్యెత్తి సలాం చేశాను. ఆయన ఇటు తిరగనే లేదు.

అంతకు ముందు సంవత్సరమే ఆయన పెద్దకొడుకు ఉద్యోగం కోసం సౌదీ వెళ్ళాడు. రేకుల ఇల్లు స్లాబు ఇల్లయింది. నేను ఈ సంగతులన్నీ కలిపి లెక్క కట్టుకున్నాను. "కొడుకు డబ్బు పంపుతున్నాడు కదా, చాచాకు కళ్ళు నెత్తికెక్కాయి" అని ఇంట్లో అన్నాను. అంతటితో ఆగలేదు, ఇద్దరు ముగ్గురు స్నేహితుల దగ్గర కూడా అన్నాను. వాళ్ళలో ఒకతను "అవును, నాకూ అలాగే జరిగింది" అన్నాడు. దాంతో నా అనుమానం నాకు రుజువైపోయింది.

ఆయనకు చూపు తగ్గిందేమోనన్న ఆలోచన నాకు రాలేదు. రావడానికి కారణం కూడా లేదు. ప్రతిరోజూ అస్ర్ నమాజు తర్వాత ఆయన అద్దాలు పెట్టుకొని ఖుర్ఆన్ చదువుకునేవారు. సన్నని అక్షరం కనబడే మనిషికి ఎదుటివాడి చేయి కనబడదా?

ఏడాదిన్నర తర్వాత ఒకరోజు చాచా వుజూ చేసి వస్తూ మెట్ల మీద పడిపోయారు. మణికట్టు ఎముక విరిగింది. కట్టు కట్టిన డాక్టరు "ఎలా పడ్డారు?" అని అడిగితే, "చివరి మెట్టు అయిపోయిందనుకున్నాను, ఇంకొకటి ఉంది" అన్నారట. ఆ డాక్టరుకు అనుమానం వచ్చి కంటి వైద్యుని దగ్గరకు పంపాడు. అక్కడ పరీక్షలు చేసి, రెండు కళ్ళలోనూ గ్లాకోమా బాగా ముదిరిందని, ఎదురుగా చూసే కొద్దిపాటి చూపు తప్ప చుట్టుపక్కల చూపు చాలావరకు పోయిందని చెప్పారు.

ఆ మాట విన్న రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదలలేదు. చాచా నా చేతిని చూడలేదా, లేక అది ఆయనకు కనబడలేదా? ఈ రెండు మాటలకూ మధ్య ఎంతో తేడా ఉంది. మొదటి దానిలో ఒక మనిషి దోషం ఉంది. రెండవ దానిలో లేదు. అయినా బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అలాంటప్పుడు మనం ఏ మాటను ఎంచుకోవాలి?

ఇది ఏ జబ్బు?

గ్లాకోమాను తెలుగులో నీటికాసులు అంటారు. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడే పెద్దలు కాలా మోతియా అంటారు. పేరులో మోతియా ఉంది కాబట్టి చాలామంది దీన్ని శుక్లాలతో కలిపేస్తారు. రెండూ వేరు. శుక్లం వస్తే కంటిలోని కటకం మసకబారుతుంది. ఆపరేషన్ చేసి దాన్ని మారిస్తే చూపు చాలావరకు తిరిగి వస్తుంది. గ్లాకోమాలో దెబ్బతినేది కంటి నుంచి మెదడుకు చూపును చేరవేసే నరం. ఆ నరంలో సుమారు 10 నుంచి 12 లక్షల సన్నని పోగులు ఉంటాయి. చచ్చిపోయిన పోగు మళ్ళీ బతకదు.

కంటి ముందు భాగంలో ఒక పలుచని ద్రవం నిరంతరం ఊరుతూ, జల్లెడ లాంటి సన్నని దారి గుండా బయటికి పోతూ ఉంటుంది. ఊరేది, పోయేది సమానంగా ఉంటే కంటిలో ఒత్తిడి సరిగా ఉంటుంది. సాధారణంగా ఈ ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. బయటికి పోయే దారిలో అడ్డంకి ఏర్పడితే ఒత్తిడి పెరిగి, వెనుక ఉన్న నరం మెల్లమెల్లగా నలిగిపోతుంది. కొందరికి ఒత్తిడి మామూలుగా ఉన్నా నరం దెబ్బతింటుంది. దీనికీ ఒంట్లోని బి.పి.కీ తేడా ఉంది. చేతికి పట్టీ కట్టి చూసే బి.పి.తో కంటి ఒత్తిడి తెలియదు.

ఒక రకం గ్లాకోమా ఉన్నట్టుండి వస్తుంది. కన్ను ఎర్రబడుతుంది, భరించలేని నొప్పి పుడుతుంది, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి, వాంతులవుతాయి. అలాంటప్పుడు తెల్లవారే దాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి. కాని చాచాకు వచ్చింది రెండో రకం. దానికి నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. ఏళ్ళ తరబడి అది చప్పుడు చేయకుండా చూపును అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తుంది. నట్టనడిమి చూపు చిట్టచివరి దాకా మిగిలి ఉంటుంది. అందుకే ఖుర్ఆన్ చదవగలిగిన మనిషికి పక్క నుంచి చాచిన చేయి కనబడలేదు.

రోగికే ఎందుకు తెలియదు?

"తన చూపు పోతుంటే మనిషికి తెలియకుండా ఉంటుందా?" అని ఎవరైనా అడగవచ్చు. నేనూ అడిగాను. గ్లాకోమా ఉన్నవారికి లోకం చుట్టూ నల్లగా, మధ్యలో మాత్రం వెలుగుగా, గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుందని మనం అనుకుంటాం. వాస్తవం అది కాదు. 2013లో లండన్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో 50 మంది గ్లాకోమా రోగులకు కొన్ని బొమ్మలు చూపి, తమకు కనిపించే తీరుకు ఏది దగ్గరగా ఉందో చెప్పమన్నారు. నల్లని గొట్టం లాంటి బొమ్మను ఒక్కరు కూడా ఎంచుకోలేదు. సగానికి పైగా కొన్ని చోట్ల మసకబారిన బొమ్మను చూపారు. కొందరు కొన్ని వస్తువులు అసలే లేకుండా పోయిన బొమ్మను చూపారు. సుమారు నలుగురిలో ఒకరు తమ చూపులో ఏ లోపమూ లేదన్నారు.

దీనికి కారణం ఉంది. ఒక కంటికి కనబడని చోటును రెండో కన్ను కప్పిపుచ్చుతుంది. రెండింటికీ కనబడని చోటును మెదడు చుట్టుపక్కల దృశ్యంతో పూడ్చేస్తుంది. రోడ్డు రోడ్డులాగే కనిపిస్తుంది, దాని మీద వస్తున్న సైకిలు మాత్రం కనబడదు. గది గదిలాగే ఉంటుంది, గుమ్మం దగ్గర ఎవరో వదిలిన స్టూలు మాత్రం ఉండదు. లేనిదాన్ని లేదని గుర్తించాలంటే, అది ఉందని ముందు తెలియాలి కదా!

చూపు ఎంత మేరకు ఉందో కొలిచే పరీక్ష గురించి చాచా తర్వాత నాకు చెప్పారు. గడ్డం ఒక ఆధారం మీద ఆనించి, ఎదుట ఉన్న చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడైనా చిన్న వెలుగు మెరిస్తే చేతిలోని బటను నొక్కాలి. "చాలాసేపు ఏమీ మెరవలేదు బేటా. మిషను ఆగిపోయిందేమో అనుకొని ఆ అమ్మాయిని అడిగాను కూడా. మిషను నడుస్తూనే ఉందట" అన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారింది. తన చూపు పోయిందని ఆయనకు తెలిసింది ఆ క్షణంలోనే.

ఇది చాచా ఒక్కరి సంగతి కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 దాకా మన రాష్ట్రంలో, అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ఇంటింటికీ వెళ్ళి ఎంపిక చేసిన వేలాదిమంది కళ్ళను పరీక్షించే అధ్యయనం జరిపింది. హైదరాబాదు నగరంలో ఈ నెమ్మదైన గ్లాకోమా ఉన్నట్టు తేలినవారిలో నూటికి తొంభై మందికి పైగా, తమకు ఆ జబ్బు ఉందని అంతవరకు తెలియదు. మన దేశంలో 40 ఏళ్ళు దాటినవారిలో సుమారు 1.12 కోట్ల మందికి గ్లాకోమా ఉండవచ్చని 2010లో వైద్య పరిశోధకులు అంచనా వేశారు. అంటే మన వీధిలో, మన సఫ్‌లో, బహుశా మన ఇంట్లోనే, కనబడటం లేదని తెలియకుండా నడుస్తున్నవారు ఉండవచ్చు.

ఇంట్లో జరిగేది

చాచా ఇంట్లో ఆ ఏడాదిన్నరలో ఏమేం జరిగిందో తర్వాత చాచీ చెప్పగా విన్నాను. దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటే నీళ్ళ గ్లాసు తన్నుకొని ఒలికిపోయేది. "పిల్లాడిలా తయారయ్యారు" అనేవారు ఆమె. నేల మీద ఆడుకుంటున్న మనవరాలి చేతిని ఒకసారి తొక్కారు. "ఇంట్లో పిల్లలున్నారన్న ధ్యాస కూడా లేదు" అంది కోడలు. స్టీలు పళ్ళెంలో తెల్లన్నం, దాని పక్కనే పెరుగు వడ్డిస్తే ఏది ఎక్కడుందో తెలియక కలిపేసేవారు. ఎండలోంచి ఇంట్లోకి రాగానే కాసేపు గుమ్మం దగ్గరే నిలబడేవారు. చదువుతుంటే పంక్తి చివర నుంచి తర్వాతి పంక్తి మొదటికి వచ్చేసరికి దారి తప్పేది. ఆయన దాన్ని ముసలితనం అనుకున్నారు.

ఫజ్ర్, ఇషా నమాజులకు మస్జిదుకు రావడం తగ్గింది. చీకట్లో గతుకుల దారి, గుమ్మం ముందు చెల్లాచెదురుగా ఉన్న చెప్పులు, సఫ్‌లో ముందు కూర్చున్నవారి భుజాలు, అన్నీ ఆయనకు అడ్డంకులే. ఎవరినో తాకుతానేమోనన్న సంకోచంతో వెనుక సఫ్‌లో గోడ పక్కన నిలబడటం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశారు. జనం గుంపులో ఎవరు ఎటు నుంచి వస్తారో తెలియక అక్కడ ఆయనకు బెదురు పుట్టేది. బంధువులు మాత్రం "కొడుకు సౌదీ వెళ్ళాక వాళ్ళకు మనం కనిపించడం లేదు" అనుకున్నారు. నేను అన్న మాటే ఊరంతా అంటోంది.

గమనించండి. ఆయన చూపు ఎంత తగ్గిందో, ఆయన మీద చెడ్డపేరు అంత పెరిగింది. పరధ్యానం మనిషి, మొరటు మనిషి, గర్విష్ఠి, బద్ధకస్థుడు! ఇవన్నీ ఒక నరం చచ్చిపోతున్నందుకు మనం పెట్టిన పేర్లు.

తప్పు ఎవరిది?

నాకు గ్లాకోమా గురించి తెలియకపోవడం పాపం కాదు. రోగికే తెలియని జబ్బు దారిన పోయే నాకు ఎలా తెలుస్తుంది? మరి నా తప్పు ఎక్కడుంది? తెలియని చోట ఊరుకోకుండా, నా అంతట నేను ఒక కథ అల్లి దాన్ని నమ్మడంలో ఉంది. నమ్మిన దాన్ని ఆయన వెనుక నలుగురికి చెప్పడంలో ఉంది. దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా విశ్వాసులను అతి అనుమానం నుంచి, కూపీలు లాగడం నుంచి, పరోక్ష నింద నుంచి వరుసగా ఒకేచోట వారించింది. ఆ వరుసను గమనిస్తే నాకు జరిగింది అర్థమవుతుంది. ముందు అనుమానం వచ్చింది. తర్వాత దానికి రుజువులు వెతికాను. ఆ పైన నలుగురిలో మాట్లాడాను. మొదటి మెట్టు మీదే ఆగి ఉంటే మిగతా రెండూ జరిగేవి కావు.

ఆగడం అంటే ఏమిటి? ఆయన దగ్గరకు వెళ్ళి గొంతు విప్పి "అస్సలాము అలైకుం చాచా" అనడం. ఇంతే. ఆయన చెవులు బాగానే ఉన్నాయి. నోటితో సలాం చేసి ఉంటే వెంటనే జవాబు వచ్చేది. నా అనుమానం అక్కడే తీరిపోయేది. ఒక్క పలకరింపుతో తేలిపోయే సంగతిని నేను ఏడాదిన్నర పాటు మనసులో మోశాను.

చూపు మందగించిన మనిషి కోసం మన కంటిని ఉపయోగించడం కూడా సదఖాయేనని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలియజేశారు. తిర్మిజీ గ్రంథంలోని ఈ హదీసులో, తోటివాని ముందు చిరునవ్వు నవ్వడం, దారిలోని రాయిని, ముల్లును తొలగించడం వంటి సత్కార్యాల వరుసలోనే దీన్నీ చెప్పారు. హదీసులోని మాట పూర్తిగా చూపు లేనివారికే పరిమితం కాదు, చూపు సరిగా లేనివారిని ఉద్దేశించినది. పూర్తిగా అంధుడైన మనిషిని చూస్తే మనం వెంటనే చేయి అందిస్తాం. సగం చూపు ఉన్నవానికే మన దగ్గర ఓపిక ఉండదు. పేపరు చదువుతున్నాడు కదా, మెట్టు ఎందుకు కనబడదు అంటాం.

దేశ చట్టం కూడా ఈ విషయాన్ని గుర్తించింది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం గోడ మీది అక్షరాలు చదవగలిగినా సరే, చూపు విస్తృతి 40 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని మందదృష్టిగానూ, 10 డిగ్రీల కంటే తగ్గితే అంధత్వంగానూ లెక్కిస్తారు. అర్హులైనవారు ధ్రువీకరణ పత్రం తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

తెలిసిన తర్వాత

ఇంతవరకు రోగి వైపు నుంచి మాట్లాడాం. ఇప్పుడు రోగితో కూడా ఒక మాట చెప్పాలి. తెలియనంత కాలం ఆయన మీద నింద లేదు. తెలిసిన తర్వాత ఆయన బాధ్యత మారుతుంది.

చాచాకు ఒక పాత స్కూటరు ఉండేది. మనవణ్ణి ముందు నిలబెట్టుకొని రోజూ బడికి తీసుకెళ్ళేవారు. జబ్బు బయటపడే దాకా అది ఒక తాత ప్రేమ. డాక్టరు "ఇక బండి నడపకండి" అన్న మర్నాటి నుంచి అదే పని ఆ పిల్లాడి ప్రాణంతో, దారిన పోయేవారి ప్రాణాలతో చెలగాటం అవుతుంది. గ్లాకోమా ఉన్నవారు కింద పడటం, వాహన ప్రమాదాలకు లోనుకావడం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. "నాకు బాగానే కనిపిస్తోంది, ఇంతకాలం నడపలేదా?" అని చాచా మొదట వాదించారు. అది అబద్ధం కాదు, ఆయనకు నిజంగానే బాగా కనిపిస్తున్నట్టు ఉంటుంది. కాని ఇక్కడ తన కంటి సాక్ష్యం కంటే పరీక్ష సాక్ష్యాన్ని నమ్మాలి. తన కన్ను తనకు పూర్తి నిజం చెప్పడం లేదని ఒప్పుకోవడం ఏ మనిషికైనా కష్టమే. మూడు నాలుగు రోజుల తర్వాత ఆయనే బండి తాళాలు చిన్నకొడుకు చేతిలో పెట్టారు. ఆ రోజు ఆయన అన్నం తినలేదని చాచీ చెప్పారు.

రెండవది మందు. గ్లాకోమాకు చుక్కల మందు, లేజరు, ఆపరేషన్ ఉన్నాయి. ఇవన్నీ ఒత్తిడిని తగ్గించి ఉన్న చూపును నిలబెట్టడానికే. పోయిన చూపు రాదు. అందుకే మందు వేసినా రోగికి ఏ తేడా కనిపించదు, మానేసినా వెంటనే తెలియదు. ఖర్చు మాత్రం నెలనెలా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే "ఏముందిలే, అల్లాహ్ రాసినట్టు జరుగుతుంది" అని మానేస్తారు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి బోధించారు. మందు సీసా మూత తీయకుండా తవక్కుల్ అనడం ఒంటెను కట్టకుండా వదిలేయడమే. కన్ను మనం సంపాదించుకున్న ఆస్తి కాదు, మనకు అప్పగించిన అమానతు. మిగిలిన కాస్త చూపు కూడా అమానతే.

రమజానులో ఈ సమస్య మరీ ఎక్కువ. రోజా చెడుతుందేమోనని చుక్కలు మానేసేవారున్నారు. కంటిలో మందు వేసుకుంటే రోజా భంగం కాదన్నది హనఫీ ధర్మవేత్తల అభిప్రాయం. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ కూడా కంటి చుక్కలు రోజాను భంగపరచవని తీర్మానించింది. గొంతులోకి వచ్చిన దాన్ని మింగకుండా జాగ్రత్తపడాలని సూచించింది. మందు వేసుకోగానే కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకుంటే మందు గొంతులోకి దిగడం తగ్గుతుంది, కంటిలోనూ బాగా పనిచేస్తుంది. ఆపరేషన్ తర్వాత కొద్దిరోజులు వంగవద్దని డాక్టరు చెబితే కూర్చొని సైగలతో నమాజు చేసుకునే వెసులుబాటు ధర్మంలో ఉండనే ఉంది.

ఇంకో జాగ్రత్త. కళ్ళు దురద పెడితే మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చుకోవడం మనకు అలవాటు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, నెలల తరబడి వాడినప్పుడు అవే కంటి ఒత్తిడిని పెంచి గ్లాకోమా తెచ్చిపెట్టవచ్చు.

కోపానికీ జాలికీ మధ్య

జబ్బు పేరు తెలిసిన తర్వాత చాచా ఇల్లు ఒక్కసారిగా మారిపోయింది. నిన్నటి దాకా విసుక్కున్నవాళ్ళు ఇప్పుడు ఆయన్ని కదలనివ్వడం లేదు. గ్లాసు నోటి దగ్గరికి తెస్తున్నారు. బజారుకు వెళ్తానంటే "మీకెందుకు, మేం తెస్తాం కదా" అంటున్నారు. ఇంటి లెక్కలు, పొలం కౌలు సంగతి ఆయన్ని అడగడం మానేశారు. ఇదంతా ప్రేమే. కాని చాచా ఒకరోజు నాతో అన్నారు, "ఇంతకు ముందు తిట్టేవాళ్ళు బేటా. అప్పుడు నేను ఇంటి పెద్దను. ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు."

ఈ మాటకు జవాబు మన చరిత్రలో ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. ఆయన వచ్చి ధర్మం గురించి అడిగినప్పుడు, ఖురైషు నాయకులతో మాట్లాడుతున్న దైవప్రవక్త (స) ఆ క్షణంలో ఆయన వైపు శ్రద్ధ చూపలేదు. దాని గురించే అబస సూరా అవతరించిందని మనకు తెలుసు. కాని ఆ తర్వాత మదీనాలో జరిగింది మనం తక్కువగా చెప్పుకుంటాం. దైవప్రవక్త (స) ఆయన్ని ముఅజ్జిన్‌గా నియమించారు. తాను మదీనా విడిచి వెళ్ళినప్పుడు కొన్నిసార్లు ఆయన్నే తన ప్రతినిధిగా ఉంచారు.

రమజానులో తెల్లవారుజామున హజ్రత్ బిలాల్ (రజి) అజాన్ రాత్రి ఉండగానే వినిపించేది. సహరీ ముగిసిందని తెలిపే అజాన్ ఇచ్చేది ఉమ్మె మక్తూమ్ కుమారుడే. తెల్లవారడాన్ని ఆయన చూడలేరు. తెల్లవారిందని జనం చెప్పిన తర్వాతే ఆయన అజాన్ ఇచ్చేవారని బుఖారీ గ్రంథం తెలుపుతోంది. ఆలోచించండి. వెలుగును చూడాల్సిన పనినే చూపు లేని మనిషికి అప్పగించారు. "నీకు కనబడదు కదా, మేమే ఇస్తాం" అని ఆయన పనిని ఎవరూ లాక్కోలేదు. కనబడనిది చెప్పడం వరకే ప్రజల వంతు. అజాన్ ఆయనదే. మన ఇళ్ళలోని పెద్దలకు కూడా కావలసింది ఇదే. వారికి కనబడనిది మనం చెప్పాలి, వారి పని వారిని చేసుకోనివ్వాలి.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. మెట్ల అంచులకు పసుపు రంగో తెల్లరంగో వేయాలి. మెట్ల దగ్గర, స్నానాల గది దగ్గర రాత్రంతా ఒక లైటు ఉంచాలి. సామాను చోటు మార్చకూడదు, మార్చితే చెప్పాలి. తెల్లన్నానికి ముదురు రంగు పళ్ళెం వాడాలి. మస్జిదు గుమ్మం ముందు చెప్పులు ఒక పక్కగా విడవాలి. చేయి పట్టి లాగకుండా మన మోచేతిని అందించి, వారిని పట్టుకోనివ్వాలి. సలాం చేసేటప్పుడు దగ్గరకు వచ్చి పేరు చెప్పాలి. లెక్కలు, సలహాలు, ఇంటి నిర్ణయాలు మునుపటిలాగే వారి ముందు ఉంచాలి.

దాచిపెట్టకండి

చివరగా ఒక సున్నితమైన విషయం. గ్లాకోమా రక్తసంబంధంలో నడుస్తుంది. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఉంటే మిగతావారికి వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చాచాకు ఇద్దరు తమ్ముళ్ళు, ఒక చెల్లెలు ఉన్నారు. వాళ్ళకు చెప్పమని డాక్టరు గట్టిగా చెప్పారు. ఇంట్లో మాత్రం "ఎవరికీ చెప్పొద్దు, పెళ్ళి కావలసిన పిల్ల ఉంది" అన్నారు. ఆ భయం మనకు తెలియనిది కాదు. సంబంధం చూడవచ్చినవాళ్ళు జబ్బుల జాబితా అడిగే రోజులివి. కాని మన పిల్ల పెళ్ళి కోసం తోబుట్టువుల చూపును పణంగా పెట్టడం ఏ రకమైన బంధుత్వం? బంధుత్వాన్ని నిలబెట్టుకోవడమంటే పండుగకు సేమియా పంపడం ఒక్కటే కాదు. ఆపద ఉన్నచోట చెప్పడం కూడా అందులో భాగమే.

వారం రోజులు ఆలోచించి చాచా తానే ఫోను చేసి ముగ్గురికీ చెప్పారు. చిన్న తమ్ముడికి పరీక్షలో జబ్బు మొదటి దశలో ఉన్నట్టు బయటపడింది. ఇప్పుడు రోజూ రాత్రి ఒక చుక్క మందు వేసుకుంటూ తన దర్జీ పని తాను చేసుకుంటున్నారు. ఆ ఫోను రాకపోతే ఆయనకూ ఒక మెట్టు చెప్పాల్సి వచ్చేది.

నలభై దాటిన ప్రతి ఒక్కరూ కంటి పరీక్ష చేయించుకోవాలి. అద్దాల షాపులో అక్షరాలు చదివి రావడంతో సరిపోదు. కంటి ఒత్తిడి కొలిచి, వెనుక నరాన్ని చూడమని వైద్యుణ్ణి అడగాలి. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే నలభై దాకా కూడా ఆగవద్దు.

నేను చాచా దగ్గరకు వెళ్ళి అంతా చెప్పాను. ఆయన గురించి ఏమన్నానో, ఎవరెవరితో అన్నానో దాచకుండా చెప్పి క్షమించమన్నాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "నాకే తెలియనిది నీకెలా తెలుస్తుంది బేటా?" అన్నారు. ఆయన మంచితనం ఆయనది. నా లెక్క మాత్రం అంతటితో తీరలేదు. ఆ మాట ఎవరెవరితో అన్నానో వాళ్ళ దగ్గరకు వెళ్ళి, నేను చెప్పింది తప్పని కూడా చెప్పాల్సి వచ్చింది. అనడం కంటే అది చాలా కష్టమైంది.

ఇప్పుడు ఎవరైనా నా చేతిని అందుకోకపోతే, దగ్గరకు వెళ్ళి నోటితో సలాం చేస్తున్నాను. ఇంతవరకు జవాబు రాకుండా పోలేదు. అల్లాహ్ మనకు ఇచ్చిన చూపును కాపాడుకునే వివేకాన్ని, చూపు తగ్గినవారికి కన్నుగా నిలిచే భాగ్యాన్ని, తోటివారి గురించి మంచినే తలచే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.